గొంతుల పెట్టె

"అందరూ సర్దుకుని కూర్చోండమ్మా. పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోండి. ఇప్పుడు మీరు వినబోయేది ఒక్క మనిషికి తప్ప ఈ లోకంలో ఇంతవరకూ ఎవరికీ వినపడలేదు."

డాక్టర్ సాలోమి ఆ మాట అనేసరికి అప్పన్న హిల్స్ కాలనీ కమ్యూనిటీ హాల్లో కుర్చీల రాపిడి ఆగింది. పల్లీలు నములుతున్న వాళ్ళు నమలడం ఆపారు.

వేదిక మీద వరహాలమ్మ కూర్చుని ఉంది. శ్రీరామనవమికి సీతారాముల్ని కూర్చోబెట్టే వేదిక అది. అలాంటి చోట తను కూర్చోవడమేమిటని ఆమె మొదట ఒప్పుకోలేదు, కింద చాప వెయ్యమంది. తీగలు అందవని డాక్టరమ్మ బతిమాలితే మెట్టుకు దణ్ణం పెట్టుకుని ఎక్కింది. తల మీద చేపల వలలాంటి టోపీ. వలలో ప్రతి ముడి దగ్గరా బియ్యపుగింజంత సెన్సర్. అక్కడినుంచి సన్నటి తీగలు జడలా కలిసి, హార్మోనియం అంత పెట్టెలోకి దిగాయి. ఆ పెట్టెకు ఒక లౌడ్‌స్పీకర్.

 వరహాలుకు కావలసింది చాలా చిన్నది. అదేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ కథలో ఎందుకింత ఏడుపో మీకు అర్థం కాదు.

సముద్రం ముందుకొచ్చి బీచ్ రోడ్డును మింగేశాక, విశాఖపట్నం జనం కొండలెక్కారు కదా. సింహాచలం కొండవాలున మొలిచిన కొత్త కాలనీల్లో అప్పన్న హిల్స్ ఒకటి. లిఫ్టులు పలకరిస్తాయి, పాలప్యాకెట్లు డ్రోన్‌లో బాల్కనీకి వస్తాయి. అయినా స్వామి దయవల్ల ధనుర్మాసం మాత్రం మారలేదు. చలిలో తలస్నానం చేసి, కాలనీ గుళ్ళో పాశురాలు చదువుకుని, రోజుకొక ఇంటివాళ్ళు వండి తెచ్చిన ప్రసాదం అందరూ పంచుకుంటారు. ఏ రోజు ఏ ఇంటిదో ముందే చెప్తారు. ఎప్పుడు చెప్పినా వరహాలు ఇల్లు రాదు.

"ఏం చెయ్యమంటావు వరహాలమ్మా," అంటుంది పాశురాలు చదివించే వైదేహిగారు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు. "రోజులకన్నా ఇళ్ళు ఒకటెక్కువ. ఆ భగవంతుడే నెలని కురచ చేశాడు."

ఏటేటా ఆ మిగిలిపోయే ఇల్లు ఒకటే. ఒక్క రోజు తన చేతి ప్రసాదం స్వామికి పెట్టాలన్నదే ఆమె కోరిక. వరహాలుకు పిచ్చి కదా, అదీ సంగతి.

పిచ్చి అనేది వాళ్ళ మాట. డాక్టర్ల మాట వేరే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమెకు గొంతులు వినపడ్డం మొదలైంది. గదిలో ఎవరూ ఉండరు, మాటలుంటాయి. భర్త పుట్టింటికి పంపాడు, మళ్ళీ పిలవలేదు. మాత్రలు వేసుకుంటే గొంతులు పక్కగదిలోకి వెళ్ళినట్టుంటాయి గానీ ఇల్లు వదిలి వెళ్ళవు. తల్లి పోయాక గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటూ, కాలనీ ఆడవాళ్ళ చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ బతుకుతోంది. చీరలు మాత్రం అందరూ ఇస్తారు. ఆ గుమ్మంలో సంచీ పెట్టి, బెల్లు కొట్టి, తలుపు తీసేలోపు వెళ్ళిపోతారు.

ఇన్నేళ్ళలో ఆమె ఒకరి మీద చెయ్యి ఎత్తింది లేదు, ఒక మాట తూలింది లేదు. ఆఖరికి తనలో తాను మాట్లాడుకోవడం కూడా ఎవరూ చూడలేదు. గొంతులు ఎంత రెచ్చగొట్టినా పెదవి బిగించుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. తిరిగి జవాబిస్తే ఓడిపోయినట్టని ఆమె లెక్క.

ఆమెను పిలిచి మాట్లాడే మనిషి ఒక్కరే. ఎదురు ఫ్లాట్‌లోని నరసాయమ్మ మామ్మ. రోజూ పొద్దున గుమ్మంలో కుర్చీ వేసుకుని, వరహాలు తలుపు తీసీ తియ్యగానే కేకేస్తుంది. "తిన్నావేటే తల్లీ?"

"తిన్నాను మామ్మా."

"ఏటి తిన్నావు? మొకం చూస్తే తెలుస్తంది లే, గాలి తిన్నావు."

అంతే. ఆ రెండు మాటలతో వరహాలుకు రోజు గడిచిపోయేది.

డాక్టర్ సాలోమి మెదడు సంకేతాల మీద పరిశోధన చేసే మనిషి. చిన్నవయసు, పెద్ద ఆశ. వరహాలుకు వైద్యం చేస్తూ ఆ పెట్టె కనిపెట్టింది. అది చేసే పని గురించి ఆమె మొదట మామ్మకే చెప్పింది, మామ్మే పట్టుబట్టి అడిగింది కనుక.

"మామ్మగారూ, ఒక్కసారి మనసులో 'గోవిందా' అనుకోండి."

"అనుకున్నాను."

"వినపడిందా?"

"లోపల వినపడింది."

"ఎవరి గొంతు?"

"నాదేనే, ఇంకెవరిది? మునసబుగారిదా?"

"మీదేనని మీకెలా తెలిసింది?"

మామ్మ తల గోక్కుంది. 

"అదే కిటుకు," అంది సాలోమి. "మనసులో అనుకునే ప్రతి మాట మీదా మన మెదడు ఒక ముద్ర వేస్తుంది, ఇది నాదే అని. పోస్టాఫీసులో వేసినట్టు. వరహాలుగారి మెదడు అప్పుడప్పుడూ ఆ ముద్ర వెయ్యడం మర్చిపోతుంది. ముద్ర లేని మాట పరాయి మాటలా, పరాయి గొంతులో వినపడుతుంది. వినేటప్పుడు మెదడులో పుట్టే సంకేతాల్ని ఈ టోపీ పట్టుకుంటుంది, పెట్టె వాటిని మళ్ళీ శబ్దంగా మారుస్తుంది."

"ముద్ర పడకపోవడం. అంతేనా?"

"అంతే."

"ఇంతదానికి మొగుడు వదిలేశాడా?" అంది మామ్మ, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ.

సాలోమి ఆలోచన ఏమిటంటే, కాలనీ అంతా ఒక్కసారి ఆ గొంతుల్ని వినాలి. కాలు విరిగినవాడి కట్టు కనపడుతుంది, అందుకే దారిస్తారు. ఈ బాధ కనపడదు, కనీసం వినపడితే మనసు కరగదా? వరహాలు ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"విన్నాక, ధనుర్మాసంలో నాకొక రోజిస్తారా డాక్టరమ్మా?"

"ఎందుకివ్వరు?"

ఆ ధైర్యంతోనే వేదికెక్కింది. ఇక వినండి.

సాలోమి మీట నొక్కింది. ముందు గాలి ఊదినట్టు చప్పుడు. తర్వాత దూరంగా తిరణాలలో జనం గోల. కాలనీ అధ్యక్షుడు కూర్మారావుగారు ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని, "బాగుంది, రేడియోలా ఉందే," అన్నాడు. వెనక కొందరు నవ్వారు.

అంతలో గోలలోంచి ఒక ఆడగొంతు తేటగా పైకి తేలింది.

"ఆ గిన్నె పక్కన పెట్టండి. దాని చెయ్యి తగిలింది. స్వామికి పనికిరాదు."

హాలు మొత్తం ఒక్కసారిగా వైదేహిగారి వైపు తిరిగింది. ఆ గొంతు ఆమెదే. 'పనికిరాదు' అన్నప్పుడు చివర తీసే దీర్ఘం కూడా ఆమెదే. వైదేహిగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"పిచ్చిదొస్తోంది! పిచ్చిదొస్తోంది!" ఈసారి పిల్లల గొంతులు. తల్లుల ఒళ్ళో ఉన్న పిల్లలు మొహాలు దాచుకున్నారు.

"ఇది లిఫ్టెక్కితే మనం మెట్లెక్కుదాం. ఎప్పుడేం చేస్తుందో ఎవరికి తెలుసు? చినవాల్తేరు సరుకు." పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరు పెట్టి తిట్టడం ఆ ఊళ్ళో పాత అలవాటు. ఈ గొంతు కూర్మారావుగారిది. కాలు మీద కాలు దిగింది.

"వెళ్ళిపో వరహాలూ." మళ్ళీ ఆయన గొంతే, ఇప్పుడు మెల్లగా, చెవిలో చెప్పినట్టు. "ఎక్కడికైనా పో. నువ్వు లేకపోతే అందరికీ హాయి. అందరికీ హాయి. అందరికీ హాయి."

"నేనలా అనలేదు!" కూర్మారావు లేచి నిలబడ్డాడు. "ఇది అన్యాయం! నేనెప్పుడూ అనలేదు!"

"లిఫ్టు మాట అన్నారు," అంది ఆయన భార్య, నేల చూస్తూ. "శ్రావణమాసంలో. నేను పక్కనే ఉన్నాను."

"అది వేరు! ఈ రెండోది?"

సాలోమి నెమ్మదిగా చెప్పింది. "రెండోది మీరనలేదు సార్. మొదటి మాట మీ నోట విన్నాక, రెండోది ఆవిడ మెదడు మీ గొంతుతో కట్టుకుంది. విత్తనం మీది, చెట్టు ఆవిడది."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. పాపం, మంచి మాటే అనుకుని అంది.

వరహాలు ఇదంతా తల దించుకుని వింటోంది. ఆమెకు కొత్తేముంది? రోజూ ఉండేదే. కానీ ఇందరి మధ్య బయటికి వినపడుతుంటే, బట్టలు విప్పి నిలబెట్టినట్టుంది. అప్పుడు ఆమె ఎదురుచూస్తున్న గొంతు వచ్చింది. అది ఎప్పుడూ ఆఖరున వస్తుంది.

"తిన్నావేటే తల్లీ? రా, నా పక్కన కూకో. వాళ్ళని వాగనీ. వాగి వాగి వాళ్ళే ఊరుకుంటారు. నేనున్నానుగా."

ఆ గొంతుతో మిగతావన్నీ అణిగిపోయాయి. పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు. వరహాలు తలెత్తి, హాల్లో మామ్మ ఎక్కడుందా అని వెతికింది. నవ్వుతూ వెతికింది. మీరు నాకింత చేస్తున్నారు మామ్మా, ఇప్పుడైనా మీకు తెలిసిందా అన్నట్టు.

మామ్మ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"నేను తిన్నావేటే అన్నాను," అంది పక్కనున్న కూతురితో. "అంతవరకే అన్నాను. మిగతాది నేననలేదే. నేను లేకుండా నా గొంతు ఎలా మాటాడతందే?"

హాలు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వేదిక మెట్ల దగ్గర వరహాలు కాసేపు నిలబడింది. ఎవరైనా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటారని డాక్టరమ్మ చెప్పి ఉంది మరి. సాలోమి వైర్లు చుట్టుకుంటూ అంది, "సిగ్గుపడ్డారు. సిగ్గు మంచిదే. రేపు వస్తారు చూడండి."

మరునాడు నిజంగానే వచ్చారు. వరహాలు దగ్గరికి కాదు, సాలోమి లాబ్‌కి. కూర్మారావు, వైదేహి, ఇంకో నలుగురు.

"మేడమ్, గొంతు హక్కుల చట్టం మీకు తెలుసు కదా," అన్నాడు కూర్మారావు. దొంగగొంతులతో ఫోన్లు చేసి బ్యాంకుల్ని దోచుకునే మోసాలు పెరిగాక వచ్చిన చట్టం అది. అనుమతి లేకుండా ఒకరి గొంతు ఇంకొకరు దాచుకోకూడదు. "ఆవిడ మా అందరి గొంతులూ పెట్టుకుంది. వాటితో మేమనని మాటలు కూడా అనిపిస్తోంది. రేపు ఆ పెట్టె ఇంకో ఊళ్ళో పెడితే మా పరువేం కావాలి?"

"సార్, ఆవిడ దాచుకోలేదు. మీరు ఆవిడలో పడేశారు."

"పడేసిందాన్ని తీసుకుపోతామంటున్నాం. తీసెయ్యగలరా, లేదా?"

తియ్యగలదు. అదే ఆ యంత్రంలో రెండో సగం. విమానంలో చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ బయటి మోతను ఎదురు మోతతో ఎలా అణుస్తుందో, అలా ప్రతి గొంతుకూ ఒక ఎదురు సంకేతం తయారుచేసి, చెవి వెనక పెట్టే చిన్న బ్యాండ్ ద్వారా పంపితే ఆ గొంతు అణిగిపోతుంది. కొన్నాళ్ళు అలా చేస్తే మెదడే ఆ గొంతును మర్చిపోతుంది. ఎదురు సంకేతం తయారు కావాలంటే మాత్రం గొంతు సొంతదారు వచ్చి మైకులో మాట్లాడి శాంపుల్ ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఇస్తామన్నవాళ్ళు లేక సాలోమి ఆ సగాన్ని వాడనే లేదు. ఇప్పుడు కాలనీకి కాలనీ ఇస్తామంటోంది. ఆమెకు మనసులో సంతోషం కూడా కలిగింది, దాచడమెందుకు.

"వరహాలుగారు ఒప్పుకుంటేనే," అంది.

వరహాలు ఒప్పుకుంది. ఒప్పుకోకేం? ఇరవై ఏళ్ళ నరకం పోతుందంటే ఎవరు కాదంటారు? రెండు మాటలు మాత్రం అడిగింది. కూర్మారావుతో, "బాబూ, ధనుర్మాసంలో నాకొక రోజు," అంది. ఆయన వెంటనే, "ఒకటేం ఖర్మ, ముక్కోటి ఏకాదశి నాడు తప్ప ఏ రోజు కావాలంటే ఆ రోజు," అన్నాడు. ఆ రోజు ఆయన మావగారింటి వంతు.

డాక్టరమ్మతో రెండో మాట అంది. "అందరివీ తీసెయ్యండమ్మా. మామ్మ గొంతొక్కటి ఉంచండి. అది నాకు మందు."

"ఉంచుతాను," అంది సాలోమి. "మీ తలలో ఏది ఉండాలో చెప్పే హక్కు మీదే."

శాంపుళ్ళు ఇచ్చిన రోజులు, నన్నడిగితే, వరహాలు బతుకులో పండగ రోజులు. ఆమె తెర వెనక టోపీ పెట్టుకుని కూర్చుంది. తెర ఇవతల మైకు ముందు ఒకరి తర్వాత ఒకరు. ఆవిడ పేరు పెట్టి పిలుస్తూ ఏదైనా మాట్లాడండి, మామూలుగా మాట్లాడండి అని సాలోమి చెప్పింది. మామూలుగా ఆమెతో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలీదు. దగ్గారు, నీళ్ళు తాగారు.

వైదేహిగారు చివరికి మోకాళ్ళ నొప్పుల గురించి మొదలుపెట్టింది. "వరహాలూ, మెట్లు దిగుతుంటే కటకటమంటున్నాయే. ఆముదం రాశాను, మా అత్తగారి నూనె రాశాను. రాత్రి పూట ఏడుపొస్తుంది వరహాలూ, నిజం చెప్తున్నాను, మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." చెప్తూ చెప్తూ ఆవిడ సాలోమి ఆపమన్నా ఆపలేదు.

"అయ్యో, అలాగేటమ్మా?" అంది తెర వెనకనుంచి వరహాలు, ఉండబట్టలేక.

ఇవతల మాట తెగిపోయింది. వైదేహిగారు హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది.

అలా ఊరంతా వచ్చి ఆమెతో మాట్లాడిపోయింది, ఇంకెప్పుడూ ఆమెకు వినపడకుండా ఉండడానికి.

అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం వరహాలు తలుపు చప్పుడైంది. మామ్మ. కూతురి భుజం పట్టుకుని, ఎన్నడూ దాటని ఆ గుమ్మం దాటి వచ్చింది. వరహాలు గబగబా కుర్చీ తుడిచింది. కాఫీ పెడతానంది.

"వద్దే తల్లీ. ఒక మాటడగడానికొచ్చాను. కాదనకు." మామ్మ కుర్చీలో కూర్చోలేదు. "నా గొంతు నాకిచ్చీ."

వరహాలుకు అర్థం కాలేదు.

"అందరివీ తీశారు, నాదొక్కటీ నీకాడే ఉందంట. నాకు నిద్దర పట్టడంలేదే. నేను చచ్చిపోతాననుకో. ప్రాణం పోయినాక కూడా నా గొంతు నీ బుర్రలో తిన్నావేటే, తిన్నావేటే అని తిరగతంటే, నేను సామి పాదాల కాడికి ఎలా ఎల్తానే? సగం ఇక్కడ, సగం అక్కడ. మా ఆయన పోయినప్పుడు గొంతులో తులసి తీర్థం పోశాం. నా గొంతు నా కాడ నేకపోతే ఎక్కడ పోస్తారు?"

"అది మీది కాదు మామ్మా. డాక్టరమ్మ చెప్పింది కదా. నా మెదడే..."

"నాదే. నా సెవులతో ఇన్నాను. నాదే." మామ్మ కళ్ళలో నీళ్ళు. "నిన్నెప్పుడైనా ఏటన్నా అడిగానా?"

అడగలేదు. ఇన్నేళ్ళలో ఆ ముసలామె ఏమీ అడగలేదు, తిన్నావా అని తప్ప.  వరహాలు ఆమె కాళ్ళు పట్టుకుని వద్దందామనుకుంది. తల లోపల అదే గొంతు అప్పుడే, "ఏడవకే తల్లీ," అంటోంది. ఎదురుగా అదే గొంతున్న మనిషి ఏడుస్తోంది. ఏ మామ్మ మాట వినాలి? బతికున్న మామ్మ మాటే వినాలనుకుంది. అంతకంటే న్యాయమైన నిర్ణయం ఏ జడ్జీ చెయ్యలేడు, ఆ అప్పన్న సామి సాక్షిగా.

"ఇచ్చేస్తాను మామ్మా," అంది.

మర్నాడు మామ్మ మైకు ముందు కూర్చుని, "తిన్నావేటే తల్లీ," అని ఒక్కసారి అంది. శాంపుల్‌కి అది చాల్లేదు. సాలోమి ఇంకొంచెం మాట్లాడమంటే, తెలిసిన గోవింద నామాలు చదివింది.

కార్తీకం వెళ్ళేసరికి వరహాలు తల్లో ఏమీ లేదు. సాలోమి టోపీ పెట్టి చూస్తే స్పీకర్లో గాలి చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. పెద్దపెద్ద డాక్టర్లు వచ్చి చూసి వెళ్ళారు. సంపూర్ణంగా నయమైందన్నారు. మాత్రలు కూడా ఆపేశారు.

నయమైన మనిషి పొద్దున్నే తలుపు తీసింది. ఎదురు గుమ్మంలో కుర్చీ లేదు. తలుపు వేసి ఉంది.

కాలనీలో నడిచింది. ఆమెను చూసి మాట్లాడుకుంటున్నవాళ్ళు నోరు మూశారు. కూరలబ్బాయి ధర చెప్పకుండా తూకం మీద అంకె చూపించాడు. లిఫ్టులో ఆమెతోపాటు మనుషులు ఎక్కుతున్నారు, అది మార్పే, కానీ పెదవులు కుట్టేసుకున్నట్టు నిలబడుతున్నారు. లిఫ్టు మాత్రం, "శుభోదయం, తలుపులు మూసుకుంటున్నాయి," అంది.

ఫోన్లలో కూర్మారావుగారి సందేశం తిరుగుతోందని ఆమెకు తెలీదు. "విత్తనం మనది, చెట్టు ఆవిడది అని డాక్టరుగారే సెలవిచ్చారు. ఇప్పుడు నేల శుభ్రమైంది. కనుక కాలనీవాసులు వరహాలమ్మగారి ఎదుట ఏ మాటా, మంచిగానీ చెడుగానీ, మాట్లాడకుండా జాగ్రత్తపడవలసిందిగా మనవి." మంచిగానీ అన్న ముక్క మామ్మను దృష్టిలో పెట్టుకుని చేర్చిందే. తిన్నావా అన్న మాట కూడా చెట్టయింది కదా మరి.

ధనుర్మాసంలో ఆమె రోజు వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదు వరహాలు. తెల్లారకముందే మడి కట్టుకుని, కొత్తబియ్యం, పెసరపప్పు నేతిలో వేయించి, బెల్లం పాకం పట్టి, పచ్చకర్పూరం చిటికెడు వేసి చక్కెర పొంగలి చేసింది. అమ్మ చేసేటప్పుడు చూసిన పనితనం, ఇన్నేళ్ళూ చేతుల్లోనే దాగుంది. గిన్నె నెత్తిన పెట్టుకుని గుడికి వెళ్తుంటే మంచులో దారి కూడా తడుముకోలేదు.

పూజారి నైవేద్యం పెట్టాడు. గంట మోగింది. వరహాలు దొన్నెల్లో పొంగలి పెడుతూ ఒక్కొక్కరి చేతిలో ఉంచింది. అందరూ తీసుకున్నారు. కళ్ళకద్దుకున్నారు. తిన్నారు. ఎవరూ పారెయ్యలేదు, తులసికోటలో వెయ్యలేదు. ఒక పిల్ల ఇంకా కావాలని దొన్నె చాపి, నోరు తెరవబోతే తల్లి గట్టిగా చెయ్యి పట్టుకుంది. వైదేహిగారి మొహంలో రుచి కనపడింది. బాగుందమ్మా అన్న మాట పెదవిదాకా వచ్చిందని వరహాలు ఒట్టేసి చెప్పగలదు. అది అక్కడే ఆగి వెనక్కి వెళ్ళిపోయింది.

మామ్మ రెండు చేతులా దొన్నె అందుకుంది. వరహాలు ఆమె కళ్ళలోకి చూసింది.

"తినండి మామ్మా. బాగుందా?"

మామ్మ గొంతు కదిలింది. కూతురు మోచేత్తో పొడిచింది. మామ్మ తలూపి, తప్పుకుని వెళ్ళిపోయింది.

ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటికొచ్చింది వరహాలు. నేలమీద కూర్చుంది. బయట ఒక్క మాట లేదు. లోపల చెవి పెట్టి వింది. లోపలా లేదు. తిట్టేవాళ్ళు లేరు. కాపాడేవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళలో ఎంత ఉరిమినా తెరవని పెదవి, ఆ నిశ్శబ్దంలో దానంతటదే తెరుచుకుంది.

"తిన్నావేటే తల్లీ?" అంది వరహాలు, పైకి, మామ్మ యాసలో.

గది కాస్త వెచ్చబడ్డట్టయింది.

"లేదు మామ్మా. అందరికీ పెట్టాను. నాకే మిగల్లేదు."

"మొకం చూస్తే తెలుస్తంది లే. గాలి తిన్నావు."

అని తనే నవ్వింది. కిటికీ తెరిచే ఉంది. గుడినుంచి తిరిగి వెళ్తున్న వైదేహిగారు ఆగి, చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తింది.

సాయంత్రానికి కాలనీ పెద్దలు సాలోమిని పిలిపించారు. అదే హాలు, అదే వేదిక. సాలోమి వరహాలుకు టోపీ పెట్టి, మీట నొక్కి, శబ్దం పూర్తిగా పెంచింది. స్పీకర్లో గాలి ఊదిన చప్పుడు. ఎంతసేపు విన్నా అంతే.

"చూశారా? ఒక్క గొంతూ లేదు. ఆవిడ ఆరోగ్యం మీకంటే, నాకంటే బాగుంది. మాట్లాడేవాళ్ళు లేక మాట్లాడుకుంది. అది జబ్బు కాదు సార్."

వరహాలు ఎదుట ఉంది గనుక కూర్మారావుగారు నోరు విప్పలేదు. ఫోన్ తీసి ఏదో రాసి, సాలోమి కళ్ళ ముందు పట్టుకున్నాడు. అక్షరాలు పెద్దవి, వరహాలుకూ కనపడ్డాయి.

'మీ మిషన్ చెడిపోయినట్టుంది డాక్టరుగారూ. ఆవిడకి పిచ్చని ఇన్నాళ్ళూ అనుమానమే. ఈ రోజు కళ్ళారా చూశాం.'

హాలంతా తలూపింది. చప్పుడు లేకుండా.

జనం వెళ్ళాక సాలోమి వరహాలు తలనుంచి టోపీ తీసింది. తీగలు చుట్టబోయి, వదిలేసి, పక్కన కూలబడింది. వరహాలు ఆ చేతుల్ని పట్టుకుని, బిడ్డను ఊరడించినట్టు నిమిరింది.

"డాక్టరమ్మా, మామ్మ గొంతొకటి మళ్ళీ పెట్టగలవా? మామ్మకి చెప్పొద్దు."

"లేదమ్మా," అంది సాలోమి. "నా పెట్టెకు తియ్యడమే వచ్చు. పెట్టడం రాదు."

"పోన్లే," అంది వరహాలు. వేదిక దిగి, మెట్టుకు దణ్ణం పెట్టుకుంది. గుడి ముందునుంచి వెళ్తుంటే నోటీసు బోర్డు దగ్గర వైదేహిగారు కనపడింది. వచ్చే ఏడు ధనుర్మాసం ప్రసాదాల వంతులు అప్పుడే అంటిస్తోంది. వరహాలును చూసి ఏమీ అనలేదు. రెండు చేతులూ చాపి, ఎంతో నొచ్చుకుంటున్నట్టు తలాడించింది.

"తెలుసులెండి," అంది వరహాలు. "రోజులకన్నా ఇళ్ళు ఒకటెక్కువ."

తర్వాత దారి పొడుగునా, నెమ్మదిగా, ఎవరితోనో మాట్లాడుకుంటూ ఇంటికి నడిచింది.